ఇంటి దగ్గర చదువుకోవాల్సిన పాఠం

తెలుగునాట బడికి వెళ్లిన వాళ్లెవరినైనా అడగండి, జీవశాస్త్రం పుస్తకంలో టీచరు చెప్పకుండా దాటేసిన పాఠం ఏదంటే తడుముకోకుండా చెబుతారు. పువ్వుల దగ్గర అందరం బాగానే ఉంటాం. మందారాలు తెప్పించి, బ్లేడుతో నిలువుగా కోసి, ఇవి కేసరాలు, ఇది అండాశయం అని బెంచీ బెంచీకీ తిప్పి చూపిస్తాం. కప్ప జీవిత చరిత్ర దాకా గొంతు ఖంగుమంటూనే ఉంటుంది. మనిషి దగ్గరికి వచ్చేసరికి చాక్‌పీసు కింద పెట్టి, "ఇది తేలికైన పాఠమే, ఇంటి దగ్గర చదువుకోండి" అంటారు మా వాళ్లు. ఇలాంటివన్నీ బళ్లో చెబుతారులే అని ఇంట్లో వాళ్లనుకుంటారు.

జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ఈ పాఠం చెప్పి రిటైరైన దాన్ని నేను. స్టాఫ్ రూంలో నా వెనకాల ఏమనుకునేవాళ్లో నాకు తెలుసు. కొందరు ముందే అనేవాళ్లు కూడా. "మేడం, మీ క్లాసు అయ్యాక మా క్లాసులో పిల్లలు ఒకటే గుసగుసలండీ" అని లెక్కల మాస్టారు ఫిర్యాదు చేసేవారు. గుసగుసలు పాఠానికి ముందు కూడా ఉండేవి. అప్పుడు ఆయనకు వినపడేవి కావు, అంతే.

పరీక్షలో మాత్రం ఈ పాఠానికి మంచి గిరాకీ. స్త్రీ ప్రత్యుత్పత్తి వ్యవస్థ పటం గీసి భాగాలు గుర్తించమంటే మా పిల్లలు పెన్సిలు సన్నగా చెక్కి, స్కేలు పెట్టి గీతలు లాగి, ఫాలోపియన్ నాళం ఒత్తు తప్పకుండా రాసేవాళ్లు. అలా బొమ్మ వేసి పూర్తి మార్కులు తెచ్చుకున్న ఒకమ్మాయి, మూత్రం వచ్చే దారీ నెలసరి వచ్చే దారీ ఒకటేనా అని అడిగింది. నన్ను కాదు, మా బడి ఆయమ్మను.

మన దగ్గర ఆడపిల్ల పెద్దమనిషి అయితే ఊరంతటికీ తెలియాలి. చాప వేసి కూర్చోబెట్టి, చిమ్మిలి పెట్టి, పేరంటాళ్లను పిలుస్తారు. ఆ తర్వాత ఫంక్షన్ హాలు, లంగా ఓణీ, సెంటర్లో నిలువెత్తు ఫ్లెక్సీ, దాని కింద నల్లకళ్లద్దాలతో మేనమామల వరస. ఇప్పుడు డ్రోన్ కెమెరాలు కూడా వచ్చాయి. ఏం జరిగిందో ఊరందరికీ చెప్పి పిల్లకు మాత్రం చెప్పరు. పిల్లకు చెప్పేవి నిషేధాలే: అక్కడ కూర్చోకు, అది ముట్టుకోకు, ఇక మగపిల్లలతో ఆడకు. తన ఒంటి గురించి ఆమె వినే మొట్టమొదటి పాఠం ఇదే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2021లో స్వేచ్ఛ పథకం పెట్టి ఏడో తరగతి నుంచి ఇంటర్ దాకా ఆడపిల్లలకు నెలకు 10 శానిటరీ నాప్కిన్లు ఇవ్వడం మొదలుపెట్టింది. మంచి పని, ఎంతోమంది బడి మానకుండా ఆపిన పని. అయితే వాటిని పంచే రోజున చాలా బడుల్లో మగపిల్లల్ని గ్రౌండుకు పంపేస్తారు. వాళ్లకు ఆ పీరియడ్ ఆటలే. తిరిగొచ్చాక అమ్మాయిల బ్యాగుల వంక చూసి ఇకిలిస్తారు. ఆ ఇకిలింపు మనం నేర్పిందే.

ఆ మాటకొస్తే మగపిల్లవాడికి ఆ మాత్రం పేరంటం కూడా లేదు. గొంతు మారితే నవ్వుతాం, మీసం మొలిస్తే ఏడిపిస్తాం. వాడికి దొరికిన గురువు బస్టాండు గోడ. నరాల బలహీనత, స్వప్న స్ఖలనం, ప్రతి నెలా మొదటి ఆదివారం ఫలానా లాడ్జిలో డాక్టరుగారు అందుబాటులో ఉంటారు. పెరిగే వయసులో చాలామంది మగపిల్లలకు మామూలుగా జరిగే దాన్ని రోగమని బెదరగొట్టి లేహ్యం అమ్మే వ్యాపారం అది. విజయవాడ నుంచి డాక్టర్ సమరం దశాబ్దాల పాటు పత్రికల్లో ఈ భయాలకే ఓపిగ్గా జవాబులు రాశారు: అది జబ్బు కాదు, రక్తం తగ్గదు, బలం పోదు. ఇంట్లో అందరూ ఆ పేజీ చదివేవాళ్లు, ఎవరూ చదివినట్టు కనపడేవాళ్లు కాదు. ఆడవాళ్ల ఆరోగ్యం మీద "సవాలక్ష సందేహాలు" లాంటి పుస్తకం కూడా తెలుగులో ఎప్పుడో వచ్చింది. అసలు "స్త్రీ", "బిడ్డల శిక్షణ" రాసిన చలం చేసిన ఉద్యోగం బడుల ఇన్‌స్పెక్టరు! అంటే తెలుగులో ఈ సంగతులు చెప్పినవాళ్లు లేక కాదు. అచ్చులోకి వచ్చింది, బజార్లోకి వచ్చింది, బల్లల మధ్యకు మాత్రం రాలేదు.

నా క్లాసులో ఒక అట్టపెట్టె ఉండేది. చాక్‌పీసులు వచ్చే డబ్బానే, పైన చీలిక కోశాను. అందరూ చీటీ రాయాలి, పేరు రాయకూడదు. అడగడానికేమీ లేనివాళ్లు "ఏమీ లేదు" అని రాసి వెయ్యాలి. లేకపోతే పెన్ను పట్టుకున్నది ఎవరో పక్కవాడికి తెలిసిపోతుంది. సెక్స్ ఎడ్యుకేషన్ అన్న మాట వినగానే పెద్దవాళ్ల కళ్ల ముందు ఒక్క దృశ్యమే కదులుతుంది. ఆ చీటీల్లో అది చాలా తక్కువ. "మా తమ్ముడికి మీసం వచ్చింది, నాకు రాలేదు." "ఒకవైపు రొమ్ము పెద్దది, ఒకవైపు చిన్నది, ఆపరేషన్ చేయించాలా?" "ఫొటో పంపకపోతే మాట్లాడనంటున్నాడు." "నాకు ఇష్టం లేదని చెబితే చెయ్యి కోసుకున్నాడు, తప్పు నాదేనా?" ఒక చీటీ మాత్రం ఇప్పటికీ నా దగ్గరే ఉంది: "మా అమ్మా నాన్నా ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. మరి నేనెలా పుట్టాను?" ఈ ప్రశ్నకు పటం గీసి భాగాలు గుర్తిస్తే జవాబు దొరకదు. పిల్లలు అడిగేది మనుషుల గురించి. ఒకరి పక్కన ఒకరు ఎలా ఉండాలి, ఎంత దగ్గర ఉండాలి, వద్దని ఎలా చెప్పాలి, వద్దంటే ఎలా వినాలి.

ఇంకో చీటీ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. "మా మామయ్య అంటే నాకు ఇష్టమే. ఒళ్లో కూర్చోబెట్టుకుంటే మాత్రం ఇష్టం ఉండదు. అమ్మకు చెబితే మామయ్యే కదే అంటుంది."

గుడ్ టచ్, బ్యాడ్ టచ్ అని ఇప్పుడు ప్రైవేటు బడులు కూడా ఏడాదికొకసారి చెప్పిస్తున్నాయి. చైల్డ్‌లైన్ వాళ్ల "కోమల్" అనే చిన్న సినిమా నేనూ చూపించాను. అందులో చెడ్డవాడు నాన్నకు స్నేహితుడైన అంకుల్. పిల్లలకు బాగా అర్థమవుతుంది. మన ఇళ్లలో ఆ సినిమా ఎరగని చిక్కు ఒకటుంది, మేనరికం. మేనమామ, అత్త కొడుకు, మామ కొడుకు వరసైనవాళ్లు. పిల్ల ఉయ్యాలలో ఉండగానే "నీ మొగుడొచ్చాడే" అని మొదలుపెడతాం. బుగ్గ గిల్లడం, జడ లాగడం, "ఏమే, నన్ను చేసుకుంటావా?" అనడం, వసంతాలు చల్లేటప్పుడు ఇంకాస్త ముందుకెళ్లడం, ఇవన్నీ వరసైనవాడి సరసం కింద జమ. చుట్టూ ఉన్నవాళ్లందరూ నవ్వుతారు. పిల్ల మొహం మాడ్చుకుంటే "పెంకిఘటం" అంటారు. మేనమామల్లో అత్యధికులు ప్రాణం పెట్టే మనుషులే. అక్కచెల్లెళ్ల పిల్లల చదువులకు పొలం అమ్మినవాళ్లను చూశాను. సరసాలూ పరాచికాలూ మానేసి ఇళ్లను ఆఫీసులు చెయ్యమనీ అనను. ఆ నవ్వుల్లో పిల్ల మొహం వైపు చూసే మనిషి ఒక్కరైనా ఉండాలంటున్నాను. "వద్దంటోందిగా, వదిలెయ్" అని ఒక్క పెద్దమనిషి అంటే చాలు, ఆ ఇంట్లో పాఠం మొదలైనట్టే. పుస్తకం అక్కర్లేదు, ట్రైనింగు అక్కర్లేదు.

అలా అనే మనిషి లేని ఇంట్లో, పరాచికం దాటి ఇంకేదైనా జరిగినప్పుడు పిల్లకు నోరు రాదు. వచ్చినా, కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని పెద్దలే నొక్కేస్తారు. కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ 2007లో వెలువరించిన అధ్యయనంలో, అడిగిన పిల్లల్లో 53 శాతానికి పైగా ఏదో ఒక రకమైన లైంగిక వేధింపు ఎదురైందన్నారు. అందులో మగపిల్లలు ఆడపిల్లలకు తక్కువేమీ కాదు. ఎక్కువగా కనిపించిన రాష్ట్రాల్లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఇక పిల్లల మీద లైంగిక నేరాల చట్టం పోక్సో కింద నమోదయ్యే కేసుల్లో నిందితుడు చాలా వరకు పిల్లకు తెలిసినవాడేనని నేర గణాంకాలు ఏటా చెబుతూనే ఉన్నాయి. మనమేమో పిల్లలకు ఇంకా కొత్తవాళ్లు చాక్లెట్ ఇస్తే తీసుకోవద్దనే చెబుతున్నాం.

ప్రభుత్వాలు ఈ పాఠం విషయంలో తడబడిన తీరు చూస్తే నవ్వొస్తుంది, తర్వాత నవ్వు రాదు. "పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" అని 2003 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రమంతా హోర్డింగులు వెలిశాయి, గుర్తుందా? టీకొట్ల దగ్గర, రైళ్లలో, పెళ్లిళ్లలో అదే మాట. మా బళ్లో ప్రతి అల్లరి పిల్లవాడికీ పులిరాజా అని పేరు పెట్టేశారు. రోడ్డు మీద అంత ధైర్యంగా అడిగిన ప్రశ్నకు తరగతి గదిలో జవాబు చెప్పాలనేసరికి దేశం దేశమే కంగారు పడింది. కేంద్రం 2005లో తెచ్చిన కౌమార విద్యా కార్యక్రమాన్ని 2007కల్లా మహారాష్ట్ర, కర్ణాటక, గుజరాత్, మధ్యప్రదేశ్ లాంటి రాష్ట్రాలు మాకొద్దన్నాయి. టీచర్ల కోసం వేసిన పుస్తకంలో బొమ్మలు అసభ్యంగా ఉన్నాయట. పిల్లలు పటం గీసి మార్కులు తెచ్చుకునే భాగాలే అవి.

వ్యవహారం పార్లమెంటుకు ఎక్కింది. రాజ్యసభ పిటిషన్ల కమిటీ విచారించి 2009లో నివేదిక ఇచ్చింది. కమిటీ అధ్యక్షుడు మన నెల్లూరు జిల్లా వెంకయ్యనాయుడు గారు. బడుల్లో సెక్స్ ఎడ్యుకేషన్ మన సంస్కృతికి సరిపడదు, వద్దన్నారు. పెళ్లికి ముందు శారీరక సంబంధం తగదని పిల్లలకు చెప్పాలన్నారు. ఎయిడ్స్ లాంటి పాఠాలు కింది తరగతుల్లోంచి తీసి ప్లస్ టూ బయాలజీలో పెట్టుకోవచ్చన్నారు. సంస్కృతి సంగతి వాదించుకోవచ్చు, అందులో ఆయనకున్న పట్టు నాకు లేదు. ప్లస్ టూ సంగతి మాత్రం తెలుగునాట పాఠం చెప్పిన టీచరుగా నాకు తెలుసు. మన దగ్గర ఇంటర్‌లో బయాలజీ అంటే ప్రధానంగా బైపీసీయే. ఎంపీసీ వాడు, సీఈసీ వాడు, ఐటీఐకి వెళ్లినవాడు, పదితో ఆపేసి మెకానిక్ షెడ్డులో చేరినవాడు ఆ పాఠం మొహం చూడరు. అంటే పిల్లల శరీరాల గురించి డాక్టర్లు కాబోయేవాళ్లకు చెబితే చాలని తేల్చినట్టు.

ఆడపిల్లల మాటేమిటి? 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20 నుంచి 24 ఏళ్ల స్త్రీలలో 18 నిండకుండా పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. 15 నుంచి 19 ఏళ్ల వాళ్లలో అప్పటికే తల్లులైనవాళ్లూ గర్భంతో ఉన్నవాళ్లూ ఆంధ్రప్రదేశ్‌లో 12.6 శాతం. దేశం సగటుకు ఇది దాదాపు రెట్టింపు. ప్లస్ టూ దాకా ఆగుదామంటే ఈ పిల్లల పెళ్లిళ్లు ఆగడం లేదు. పెళ్లెందుకు చేశారని తల్లుల్ని అడిగితే, పిల్ల ఎవరితోనో మాట్లాడుతోందని, ఎవడో బస్సు దగ్గర వెంటపడుతున్నాడని, పరువు పోకముందే చేసేశామని చెబుతారు. అందుకే వెంటపడేవాడి గురించి పిల్ల ఇంట్లో చెప్పదు. చెప్పిన మర్నాడు చదువు మాన్పిస్తారని దానికి తెలుసు. తల్లిదండ్రుల భయాన్ని నేను ఎగతాళి చెయ్యను. పేరు పోయిన పిల్లకు మన ఊళ్లలో ఏం జరుగుతుందో వాళ్లకు నాకంటే బాగా తెలుసు.

మధ్యలో 2012లో పోక్సో చట్టం వచ్చింది. పద్దెనిమిది నిండనివాళ్ల సమ్మతి సమ్మతే కాదన్నది. సంగతి తెలిసి కూడా పోలీసులకు చెప్పని పెద్దవాళ్లకు శిక్ష పెట్టింది. అవసరమైన చట్టమే. అయితే ఆ చట్టం ఎవరి కోసమో ఆ పిల్లలకు మాత్రం చెప్పలేదు. ఇంటర్ చదివే కుర్రాడు తన వయసు అమ్మాయితో ఊరు దాటితే, వాళ్ల దృష్టిలో అది ప్రేమ, సినిమాల్లో అది ఇంటర్వెల్ సీను, స్టేషన్లో అది అపహరణ, అత్యాచారం. హాల్ టికెట్‌తో పరీక్షకు వెళ్లాల్సినవాడు జువెనైల్ హోంకు వెళ్లాక గాని వాడికి సెక్షన్ల పేర్లు తెలియవు. వడ్డీ లెక్కలు నేర్పుతాం, సముద్ర ప్రవాహాల పేర్లు బట్టీ పట్టిస్తాం, వాడి జీవితాన్ని తలకిందులు చేసే ఆ ఒక్క చట్టం గురించి నోరు మెదపం. టీచర్ల సంగతీ అంతే. పిల్ల ఏదైనా చెబితే రిపోర్టు చెయ్యాలి, కోర్టుకు తిరగాలి, ఊళ్లో పెద్దమనుషులతో పడాలి. అందుకని చాలామంది చెవులు మూసుకోవడమే మేలనుకుంటారు. ఈ భయం పోగొట్టే శిక్షణ టీచర్లకు ఇవ్వకుండా పిల్లలకు పాఠం చెప్పమనడం దండగ.

వద్దంటే వినడం గురించి ఇందాక అన్నాను. అది మగపిల్లలకు ఎక్కడ నేర్పుతున్నాం? సినిమా హీరో ఆమె కాదన్న కొద్దీ వెంటపడతాడు, రెండో పాటకల్లా ఆమె ఔనంటుంది. వరంగల్లులో 2008 డిసెంబరులో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు. రోజుల్లోనే పోలీసుల కాల్పుల్లో ముగ్గురు నిందితులూ చనిపోయారు. పోలీసులకు పూలదండలు పడ్డాయి. షాద్‌నగర్ దగ్గర 2019లో దిశ అత్యాచారం, హత్య కేసు నిందితులను పోలీసులు కాల్చి చంపాక కూడా అంతే, టపాసులు కాల్చారు. ఆ తర్వాత యాప్‌లు వచ్చాయి, షీ టీములు అంతకు ముందే వచ్చాయి. అవన్నీ నేరం జరుగుతున్నప్పుడో జరిగాకో పనికొచ్చేవి. పదమూడేళ్ల పిల్లవాడిని కూర్చోబెట్టి, "ఒకమ్మాయి నిన్ను కాదంటే నీకు ఏడుపొస్తుంది, అది మామూలే, ఏడు, నాలుగు రోజులు అన్నం సయించదు, తర్వాత సయిస్తుంది" అని చెప్పే పీరియడ్ టైం టేబుల్లో లేదు. నేను చెప్పినప్పుడు వెనక బెంచీల వాళ్లు నవ్వారు. నవ్వనివ్వండి, విన్నారు.

చెబితే చెడిపోతారన్న వాదన ఒకటి ఎప్పుడూ ఉంటుంది. ప్రపంచంలో పలు దేశాల్లో జరిగిన పరిశోధనలన్నీ చూసి, ఈ చదువు వల్ల పిల్లలు తొందరపడటం లేదని యునెస్కో 2018లో సవరించి వేసిన మార్గదర్శకాల్లో చెప్పింది. మా పక్కూరి తండ్రి ఒకాయనకు యునెస్కోతో పని లేదు. "మేడం, ఇవన్నీ మా పిల్లకెందుకండీ, పెళ్లయితే అదే తెలుస్తుంది కదా" అని నా దగ్గరకొచ్చారు. "పెళ్లయ్యాక మీకు ఎవరు చెప్పారండీ?" అన్నాను. ఆయన నవ్వలేదు. మరుసటి ఏడాది పిల్లను ప్రైవేటు బడిలో వేశారు. ఆ పాఠం చెప్పబోమని వాళ్లు హామీ ఇచ్చి ఉంటారు.

కాయితం మీద ఇప్పుడు అన్నీ ఉన్నాయి. ఆయుష్మాన్ భారత్ కింద 2020లో మొదలైన బడి ఆరోగ్య కార్యక్రమంలో ప్రతి బడికీ ఇద్దరు టీచర్లు, ఒక ఆడ, ఒక మగ, ఆరోగ్య రాయబారులు. 11 అంశాలు. ఎదుగుదల, మానసిక ఆరోగ్యం, మనుషుల మధ్య సంబంధాలు, ఆడమగ సమానత్వం, ఇంటర్నెట్‌లో జాగ్రత్త, అన్నీ ఉన్నాయి. చదివితే ముచ్చటేస్తుంది. ఆ పని ఎవరి మీద పడుతుందంటే, కాదనలేని జూనియర్ టీచరు మీద. మధ్యాహ్న భోజనం లెక్కలు రాసి, ఎఫ్ఏ పేపర్లు దిద్దాక మిగిలిన టైములో. లేదా ఏ స్వచ్ఛంద సంస్థ వాళ్లో కారులో వచ్చి, ప్రొజెక్టర్ పెట్టి, గంటన్నరలో ముగించి, గ్రూప్ ఫొటో దిగి వెళతారు. వాళ్ల మీద నాకు కోపం లేదు గాని, మళ్లీ కనపడని మనిషిని పిల్లలు ఏమీ అడగరు. రోజూ చూసే మనిషి చెప్పాలి, ఏడాది పొడుగునా చెప్పాలి, ఆడామగా కలిసి కూర్చుని వినాలి. కొన్ని సంగతులు విడివిడిగా చెప్పినా మిగిలినవి కలిపే చెప్పాలి. సుప్రీంకోర్టు కూడా 2025 అక్టోబరులో, తొమ్మిదో తరగతి దాకా ఆగక ఇంకా చిన్నప్పటి నుంచే మొదలుపెట్టమంది. కోర్టు చెప్పినంత మాత్రాన మా హెచ్ఎంలు కదలరు. ఊళ్లో గొడవవుతుందని వాళ్ల భయం. ఆ గొడవ చేసేది తల్లిదండ్రులు, కాబట్టి దాన్ని ఆపగలిగేదీ వాళ్లే.

మీ ఇంట్లో హైస్కూలు వయసు పిల్లలుంటే, వాళ్ల సైన్సు పుస్తకం తీసి కౌమార దశ పాఠం ఎక్కడుందో చూడండి. మీరూ ఒకసారి చదవండి, మీకు తెలియనివి కూడా ఉంటాయి. ఈసారి పేరెంట్స్ మీటింగుకు వెళ్లినప్పుడు మార్కుల సంగతి అడిగాక, ఆ పాఠం చెప్పారా అని సైన్సు టీచర్ని అడగండి. చెప్పకపోతే చెప్పమనండి, మాకు అభ్యంతరం లేదని హెచ్ఎం ముందే అనండి. మీ వెనక నిలబడ్డ వాళ్లలో ఇంకో ఇద్దరు ముగ్గురు తలకాయ ఊపుతారు. మా టీచర్లకు అంతకు మించి ధైర్యం అక్కర్లేదు.